ఎమ్మెల్యే గారొచ్చిన వారం

ఒక ఊరు అనుకుందాం. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ఊరు. రెండు వందల గడప. ఒక చెరువు, ఒక గుడి, ఒక బడి, రెండు చిల్లర అంగళ్లు. ఊరికి పేరు పెట్టలేదు. మీ ఊరే అనుకోండి. తప్పు లేదు.

అది జులై నెల. ఆదివారం పొద్దుగూకే వేళ మైకు కట్టిన ఆటో ఒకటి ఊళ్లోకి వచ్చింది.

"ఈ వారమంతా మన ఎమ్మెల్యే గారు నియోజకవర్గంలోనే ఉంటారు. ఆస్పత్రులు, బడులు చూస్తారు. సంఘాలతో, వ్యాపారులతో మాట్లాడతారు. బుధవారం పది గంటలకు మన ఊరికి వస్తారు. అందరూ రావాలి!"

ఆటో వెళ్లిపోయింది. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వస్తే ఏందంట? పోయినసారీ వచ్చినారు గదా. దండ ఏసినాం, హారతి ఇచ్చినాం. ఏం ఒరిగింది?" అంది ఒక అవ్వ.

"రోడ్డు కావాలని చెప్పినాం గదవ్వా."

"చెప్పినాం. ఆయన తలూపినాడు. పక్కనున్నాయన 'రాసుకున్నాంలే' అన్నాడు. ఏం రాసుకున్నాడో, యాడ రాసుకున్నాడో!"

సంఘం లీడరు నెత్తిన బిందె దించింది.

"వాళ్లు రాసుకోవడం కాదవ్వా. ఈసారి మనమే రాద్దాం," అంది.

ఆదివారం రాత్రి: అర్జీ రాశారు

ఆ రాత్రి పొదుపు సంఘం కూర్చుంది. మొత్తం 12 మంది. వాళ్లలో 8 మందికి ఈ రెండేళ్లలోనే చదువు వచ్చింది. అంతకుముందు వేలిముద్రే.

ఏం అడగాలి? ఒకరు రోడ్డు అన్నారు. ఒకరు పింఛను అన్నారు. ఒకరు శ్మశానానికి దారి అన్నారు. లెక్క పెడితే 11 కోరికలు తేలాయి.

"పదకొండు అడిగితే ఒక్కటీ కాదు. ఏది లేకపోతే ప్రాణం పోతుందో అది ముందు చెప్పండి," అంది లీడరు.

ఎవరూ మాట్లాడలేదు. అందరి చూపులూ గోడకు ఆనుకుని కూర్చున్న ఒక కోడలి వైపు తిరిగాయి. ఆమెకు ఏడో నెల.

ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. సంక్రాంతి తర్వాత నర్సమ్మ బదిలీ అయి వెళ్లింది. కొత్త నర్సమ్మ రాలేదు. ఆరు నెలలుగా తలుపుకు తాళం వేలాడుతోంది. పెద్ద ఆస్పత్రి 12 కిలోమీటర్లు. ఉగాది వెళ్లిన వారానికి ఒక అర్ధరాత్రి పక్క వీధి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. కంగారులో ఎవరికీ 108 గుర్తు రాలేదు. ఆటో ఎక్కించారు. సగం దారిలో, చింతచెట్టు దగ్గర, ఆటోలోనే కానుపయింది. బిడ్డ వెంటనే ఏడవలేదు. అత్త గుండె ఆగినంత పనయింది. కాసేపటికి బిడ్డ కేరుమంది. తల్లీ బిడ్డా బతికారు. అది అదృష్టం. ప్రతిసారీ అదృష్టం ఉంటుందా?

"నర్సమ్మ కావాలి. అదే రాద్దాం," అన్నారందరూ.

లీడరు కాగితం తీసింది. ఒకరు చెబుతుంటే ఒకరు దిద్దారు. గంటన్నర పట్టింది. వాళ్లు రాసిన అర్జీ ఇది.

గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి,

మా గ్రామ మహిళా పొదుపు సంఘం సభ్యులు రాసుకున్న అర్జీ.

అయ్యా,

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం 6 నెలలుగా మూసి ఉంది. నర్సు లేరు. ఆస్పత్రి 12 కిలోమీటర్ల దూరం. ఇప్పుడు మా ఊళ్లో ముగ్గురు గర్భవతులు ఉన్నారు. ఒకరికి ఏడో నెల. ఏప్రిల్లో ఒక స్త్రీ ఆటోలో ప్రసవించింది. వెంటనే నర్సును వేయించి, ఉపకేంద్రం తెరిపించాలని కోరుతున్నాము.

కింద తేదీ వేశారు. 12 మందీ సంతకాలు పెట్టారు. ఇద్దరికి చేయి వణికింది. అయినా ఎవరూ వేలిముద్ర వేయలేదు. అదే అర్జీని రెండో కాగితం మీద కూడా రాశారు. ఒకటి ఇవ్వడానికి. ఒకటి దాచుకోవడానికి.

సోమవారం: ఆస్పత్రి

సోమవారం ఎమ్మెల్యే గారు మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. ఆ రోజు ఏడో నెల కోడలిని చూపించడానికి అత్త కూడా అక్కడికే వెళ్లింది. చీటీ రాయించుకుని వరుసలో నిలబడింది.

ఎమ్మెల్యే గారు మందుల గది చూశారు. కానుపుల గది చూశారు. డాక్టరు గారిని అడిగారు.

"ఏం ఇబ్బందులున్నాయి?"

"ఉపకేంద్రాల్లో నర్సు పోస్టులు ఖాళీగా ఉన్నాయి సార్. జిల్లా ఆఫీసుకు రాశాం."

వరుసలో ఉన్న అత్త చెవిన ఆ మాట పడింది. ఆమె ఊరుకోలేదు.

"ఎప్పుడు రాసినారు డాక్టరయ్యా?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. డాక్టరు గారు గుమాస్తాను పిలిచారు. గుమాస్తా ఫైలు చూసి, "మార్చిలో రాశామమ్మా," అన్నాడు.

"తేదీ కూడా చెప్పు నాయనా."

గుమాస్తా తేదీ చెప్పాడు. అత్త తన చీటీ వెనక ఆ తేదీ రాసుకుంది. ఇంటికి రాగానే లీడరుకు చూపించింది. అర్జీలో ఇంకో వాక్యం చేరింది. "ఈ విషయం గురించి ఆస్పత్రి వారు మార్చి నెలలోనే జిల్లా ఆఫీసుకు రాశారు."

తెలుసుకుందాం

మైదాన ప్రాంతంలో 5,000 మంది జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలి. 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఇది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క.

గర్భవతికి కానుపయ్యే లోపు కనీసం 4 సార్లు పరీక్ష జరగాలి. బరువు చూడాలి. రక్తపోటు చూడాలి. రక్తం పరీక్ష చేయాలి. ఐరన్ మాత్రలు ఇవ్వాలి. ఊళ్లో ఉపకేంద్రం పని చేస్తే ఇవన్నీ ఇంటి పక్కనే జరుగుతాయి. ప్రమాదం ముందే తెలుస్తుంది. నొప్పులు రాగానే 108కి ఫోను చేయాలి. దానికి డబ్బు అక్కర లేదు.

మంగళవారం: బడి

మంగళవారం ఎమ్మెల్యే గారు పక్క ఊరి ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లారు. ఈ ఊరి పిల్లలు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు అక్కడే చదువుతారు. బడి కమిటీలో ఈ ఊరి తల్లి ఒకామె సభ్యురాలు. ఆమె కూతురు ఎనిమిదో తరగతి.

పిల్లలు స్వాగతం పాట పాడారు. హెడ్మాస్టరు గారు మాట్లాడారు. "అంతా బాగుంది సార్" అన్నారు.

కమిటీ సభ్యురాలు లేచి నిలబడింది. గొంతు వణికింది. "ఒకటి బాగా లేదు సార్. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు లేవు. మా పిల్ల మధ్యాహ్నం ఇంటికొస్తే మళ్లీ బడికి పోదు. నెలసరి రోజుల్లో అసలే పోదు. అట్టా నెలకు నాలుగు రోజులు పాఠాలు పోతుండాయి," అంది.

ఎమ్మెల్యే గారు వెళ్లి కుళాయి తిప్పారు. చుక్క రాలేదు. మోటారు కాలిపోయిందన్నారు. ఎప్పుడు కాలిపోయింది? వేసవి సెలవుల ముందు.

"కమిటీ పుస్తకం తెప్పించండి," అన్నారు ఎమ్మెల్యే గారు. పుస్తకం వచ్చింది. పోయిన నెల తీర్మానం పైకి చదివారు. "పాఠశాలలో తాగునీరు, మరుగుదొడ్ల వసతి సంతృప్తికరంగా ఉన్నవి." దాని కింద సంతకాలున్నాయి. కమిటీ సభ్యురాలి సంతకం కూడా ఉంది.

"ఇది మీ సంతకమేనా అమ్మా?"

ఆమె మొహం ఎర్రబడింది. కాసేపు తల దించుకుంది. తర్వాత తలెత్తింది.

"నాదే సార్. సంతకం నేర్చుకున్నా గదా, పెట్టమంటే పెట్టేసినా. పైన ఏముందో చదవలేదు. అది నా తప్పు. లేనిదాన్ని ఉన్నట్టు రాసింది ఇంకొకరి తప్పు."

ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు గారు కూడా నేల చూపులు చూశారు.

"మోటారు బాగు చేయించడానికి ఎమ్మెల్యే రానక్కర లేదమ్మా. మీ కమిటీ తీర్మానం చేస్తే బడి నిధుల్లోంచి చేయించవచ్చు," అన్నారు ఎమ్మెల్యే గారు. ఆ రోజే కమిటీ కూర్చుంది. కొత్త తీర్మానం రాసింది. ఈసారి ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. పది నిమిషాలు పట్టింది. అందరూ ఆగారు. చదివాకే సంతకం పెట్టింది.

తెలుసుకుందాం

6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలి. ఇది విద్యాహక్కు చట్టం. 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలి. మంచినీళ్లు ఉండాలి. బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీలో ఉండడం అంటే సంతకం పెట్టి రావడం కాదు. చదవడం, అడగడం.

బుధవారం: ఊరు

బుధవారం పది గంటలకు రావలసిన కార్లు పన్నెండున్నరకు వచ్చాయి. దండలు, శాలువలు అయ్యాయి. ఆడవాళ్లు అరుగు దగ్గర నిలబడి ఉన్నారు. లీడరు చేతిలో అర్జీ ఉంది. కార్యకర్త ఒకాయన చేయి చాపాడు.

"ఇటివ్వమ్మా, టైము లేదు. నేనిస్తాలే."

"లేదయ్యా. చేతికే ఇస్తాం. చదివి ఇస్తాం."

ఎమ్మెల్యే గారు ఆ మాట విన్నారు. "చదవండమ్మా," అన్నారు.

లీడరు చదివింది. ఊరంతా వింటోంది. 'ఉపకేంద్రం' దగ్గర నాలుక తడబడింది. ఆగి, మళ్లీ చదివింది. ఆటోలో కానుపు సంగతి వచ్చేసరికి ఆ పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి ముందుకు వచ్చి నిలబడింది. ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడే అవసరం లేకపోయింది.

ఎమ్మెల్యే గారు అర్జీ తీసుకున్నారు. లీడరు రెండో కాగితం కూడా చాపింది.

"ఇదేందమ్మా?"

"నకలు సార్. తీసుకున్నట్టు సంతకం పెట్టి, తేదీ ఎయ్యండి."

పక్కనున్న పి.ఏ. ఏదో అనబోయాడు. ఎమ్మెల్యే గారు చేత్తో ఆపి, సంతకం పెట్టారు. తర్వాత అన్నారు.

"అమ్మా, ఉన్నమాట చెబుతాను. నర్సును వేసే అధికారం నాకు లేదు. అది ఆరోగ్య శాఖ పని. జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాస్తాను. శనివారం మండలంలో అధికారులతో సమావేశం ఉంది. అక్కడ అడుగుతాను. అప్పటికీ కాకపోతే అసెంబ్లీలో మంత్రిగారిని అడుగుతాను. రేపే వస్తుందని మాత్రం చెప్పలేను."

"రేపే అని చెప్పి రాకపోవడం కన్నా ఇదే నయం సార్," అంది అవ్వ. అందరూ నవ్వారు. ఎమ్మెల్యే గారు కూడా నవ్వారు.

గురువారం: బజారు

గురువారం ఎమ్మెల్యే గారు పట్నంలో వ్యాపారుల సంఘంతో మాట్లాడారు. వ్యాపారులకు బాధలున్నాయి. పన్ను కాగితాలు నింపడం కష్టమన్నారు. బజారు ఇరుకన్నారు. కారు నిలిపే చోటు లేక గిరాకీ తగ్గిందన్నారు. చివరికి ఒకాయన అన్నాడు. "అంగళ్ల ముందు కూరగాయల బుట్టలు పెట్టుకుంటున్నారు సార్. వాళ్లను లేపేయించాలి."

ఈ ఊరి ఆడమనిషి ఒకామె ఆ బజారులోనే కూరగాయలు అమ్ముతుంది. తెల్లారి మొదటి బస్సుకు గంప ఎత్తుకుని వెళ్తుంది. ఆమె, పూలమ్మే ఆమె, చేపలమ్మే ఆమె బయట నిలబడి ఉన్నారు. లేపేయమన్న మాట విని లోపలికి వచ్చారు.

"మేం అంగడి పెట్టుకోలేదు సార్. కానీ మేమూ వ్యాపారులమే. తొమ్మిదేళ్లుగా ఆశీలు కడుతుండా," అంటూ ఆమె కొంగుముడి విప్పింది. అందులో ఆశీలు రసీదులు. దారానికి గుచ్చిన కట్ట. ఒక్కొక్క రసీదు మీదా తేదీ ఉంది.

గదిలో మాటలు తగ్గాయి. మున్సిపల్ కమిషనరు గారు అక్కడే ఉన్నారు. ఆయనే చట్టం చెప్పారు. నోటీసు లేకుండా లేపడానికి లేదన్నారు. బస్టాండు వెనక స్థలం గుర్తిస్తామని, అంతవరకూ దారికి అడ్డం లేకుండా గీత గీసి అక్కడే కూర్చోనిస్తామని చెప్పారు. వ్యాపారులకు పూర్తిగా నచ్చలేదు. బస్టాండు వెనక్కి పోతే బేరాలు ఉండవని ఆడవాళ్లకూ నచ్చలేదు. కానీ ఇద్దరినీ కూర్చోబెట్టి మళ్లీ మాట్లాడాలని నిర్ణయం అయింది. ఈసారి గంపల వాళ్లనూ పిలుస్తారు.

తెలుసుకుందాం

పట్నాల్లో వీధి పక్కన అమ్ముకునే వాళ్ల కోసం 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అమ్ముకునే వాళ్లందరినీ లెక్క రాయాలి. గుర్తింపు కార్డు ఇవ్వాలి. పట్నంలో దీనికి ఒక కమిటీ ఉండాలి. ఆ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు నూటికి 40 మందికి తగ్గకూడదు. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

రసీదు చిన్న కాగితమే. పారేయకండి. దాచుకోండి.

శుక్రవారం: పొదుపు సంఘాలు

శుక్రవారం మండల సమాఖ్య భవనంలో పొదుపు సంఘాల లీడర్లు కూడారు. బ్యాంకు మేనేజరు గారు కూడా వచ్చారు.

ఒక లీడరు లేచింది. "మాకు అప్పు ఇమ్మని బ్యాంకు వాళ్లకు మీరొక మాట చెప్పండి సార్," అంది.

ఎమ్మెల్యే గారు తల అడ్డంగా ఊపారు. "బ్యాంకుకు అప్పు ఇమ్మని నేను హుకుం వేయలేనమ్మా. మీ సంఘం పుస్తకమే మీకు సిఫారసు," అన్నారు. మేనేజరు గారు అయిదు సూత్రాలు గుర్తు చేశారు. క్రమం తప్పకుండా సమావేశం. క్రమం తప్పకుండా పొదుపు. సభ్యులకు అప్పులు. సకాలంలో చెల్లింపు. సరైన లెక్కల పుస్తకం.

లెక్క అంటే భయపడకండి. ఈ లెక్క చూడండి.

ఒకామె ఊళ్లో 10,000 రూపాయలు అప్పు తెచ్చింది. వడ్డీ నూటికి నెలకు 3 రూపాయలు. నెలకు వడ్డీ 300. ఏడాదికి 3,600 రూపాయలు.

ఇంకొకామె సంఘంలో 10,000 తీసుకుంది. వడ్డీ నూటికి నెలకు 1 రూపాయి. నెలకు వడ్డీ 100. ఏడాదికి 1,200 రూపాయలు.

తేడా ఎంత? 2,400 రూపాయలు. పిల్ల చదువుకు పనికొచ్చే డబ్బు అది.

శనివారం: అధికారుల సమావేశం

శనివారం మండల ఆఫీసులో సమావేశం జరిగింది. సంఘం లీడరు, ఏడో నెల కోడలి అత్త వెళ్లారు. చెట్టు కింద రెండు గంటలు కూర్చున్నారు. తర్వాత లోపలికి పిలిచారు.

ఎమ్మెల్యే గారు అర్జీ తీసి అడిగారు. "మార్చిలో రాశారంట. జులై వచ్చింది. ఏమైంది?"

మార్చి అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అత్త చీటీ వెనక రాసుకున్న తేదీ నుంచి వచ్చింది. తేదీ ఉన్న ప్రశ్నకు 'చూస్తాం' అని జవాబు చెప్పి తప్పించుకోవడం కష్టం.

పోస్టు భర్తీ కావడానికి నెలలు పడుతుందని అధికారులు చెప్పారు. అంతవరకూ పక్క ఉపకేంద్రం నర్సు వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం ఈ ఊరికి వచ్చేట్టు ఏర్పాటు చేశారు. లీడరు ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడిగింది. రాసిచ్చారు.

మరి ఏం జరిగింది?

మంగళవారం వచ్చింది. ఉపకేంద్రం తాళం తీశారు. లోపలంతా బూజు. ఆడవాళ్లే చీపుర్లు పట్టి ఊడ్చారు. నర్సమ్మ ఆ కోడలికి రక్తపోటు చూసింది. ఎక్కువగా ఉంది. కాళ్లకు నీరు కూడా ఉంది. వెంటనే పెద్ద ఆస్పత్రికి రాసింది. అక్కడ మందులిచ్చారు. వారం వారం చూశారు. నెలలు నిండాక ఆస్పత్రిలోనే కానుపయింది. ఈసారి 108 బండిలో వెళ్లారు. ఆడపిల్ల పుట్టింది. రక్తపోటు సంగతి తెలియకుండానే ఇంట్లో ఉండిపోయి ఉంటే? ఆ మాట తలచుకుంటే అత్తకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బడి మోటారు బాగయింది. బజారు సంగతి ఇంకా తేలలేదు. నర్సు పోస్టు ఇంకా భర్తీ కాలేదు. సంఘం వదిలిపెట్టలేదు. ప్రతి నెలా సమావేశంలో ఆ నకలు కాగితం తీస్తారు. ఎన్ని రోజులయిందో లెక్క వేస్తారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలని తీర్మానం రాశారు. ఈ చట్టం 2005లో వచ్చింది. దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఎమ్మెల్యే అంటే ఎవరు?

ఎమ్మెల్యే అంటే శాసనసభ్యుడు లేదా శాసనసభ్యురాలు. శాసనం అంటే చట్టం. చట్టాలు చేసే సభలో మన తరఫున కూర్చునే మనిషి. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది ఎన్నికవుతారు. సభ గడువు 5 ఏళ్లు. 18 ఏళ్లు నిండితే ఓటు వేయవచ్చు. 25 ఏళ్లు నిండితే ఎమ్మెల్యేగా పోటీ చేయవచ్చు. ఆడవాళ్లయినా, మగవాళ్లయినా.

ఎమ్మెల్యే చేసే పనులు మూడు. చట్టాలు చేయడం. ప్రభుత్వం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో సభలో చర్చించి ఒప్పుకోవడం. మంత్రులను ప్రశ్నలు అడగడం. ఊళ్లు తిరగడం ఎందుకు? ఏం అడగాలో తెలియడానికి. మనం చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఆడవాళ్లు అడిగితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూసింది. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో ఆడవాళ్లు రాత్రిపూట చదువు కేంద్రాల్లో కూర్చుని తమ కష్టాలు మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడిని ఎదిరించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరి నుంచి ఊరికి ఉద్యమం పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు. గెలిచిన దాన్ని నిలుపుకోవడానికి కూడా అడుగుతూనే ఉండాలి. ఆ చరిత్ర చెప్పేది అదే.

సభలో ఆడవాళ్లు కూర్చోవడం కూడా కొత్త సంగతి కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1927లో, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో సభ్యురాలయ్యారు. మండలికి ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు. 2023లో రాజ్యాంగాన్ని 106వ సారి సవరించారు. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు ఇవ్వాలని రాశారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల విభజన జరిగాక అది అమలు కావాలని ఆ సవరణలోనే ఉంది.

అవ్వ ఈ సంగతి విని లీడరు వైపు చూసింది. "అయితే ఏమే, రేపు నువ్వు కూడా పోతావా ఆ సభకు?"

"పోతే ముందు నీ అర్జీ తీసుకుంటాలే అవ్వా," అంది లీడరు.

"నకలు మీద సంతకం పెడితేనే ఇస్తా," అంది అవ్వ.

ఆలోచించండి, మాట్లాడండి

1. సంఘం 11 కోరికల్లో ఒక్కటే ఎందుకు ఎంచుకుంది? మీరైతే ఏది ఎంచుకుంటారు?
2. చదవకుండా సంతకం పెడితే బడిలో ఏం జరిగింది? మీరెప్పుడైనా అలా పెట్టారా?
3. అత్త రాసుకున్న తేదీ శనివారం ఎలా పనికొచ్చింది?
4. బజారులో వ్యాపారుల మాటలో న్యాయం ఉందా? గంపల వాళ్ల మాటలో ఉందా? ఇద్దరికీ సరిపడే దారి ఏది?

రాయండి

మీ ఊరి అవసరం ఒకటి తీసుకుని అర్జీ రాయండి. ఎవరికి రాస్తున్నారు, ఎవరు రాస్తున్నారు, ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏం కావాలి. ఈ అయిదూ ఉండాలి. తేదీ వేయండి. సంతకం పెట్టండి. నకలు దాచుకోండి.

కొత్త మాటలు

అర్జీ: కావలసినది కోరుతూ రాసే కాగితం.
నకలు: ఉన్నది ఉన్నట్టు రాసుకున్న రెండో కాగితం.
తీర్మానం: అందరూ కూర్చుని నిర్ణయించి పుస్తకంలో రాసిన మాట.
నియోజకవర్గం: ఒక ఎమ్మెల్యేను ఎన్నుకునే ఊళ్లన్నీ కలిసిన ప్రాంతం.
ఆశీలు: సంతలో, బజారులో అమ్ముకునేందుకు కట్టే రుసుము.